ఎంగేజ్

పాలమూరు న్యూటౌన్‌ల మేడమీది గది.
రెండు ఫోన్లు, చప్పుడు చేసే కూలరు, నేను.

మక్తల్ జిరాక్స్ షాపు కుర్మన్న
పొద్దటి సంది ఇది ఆరోసారి:
"మల్ల గదే సారూ, ఆరువందల డెబ్బయెనిమిది."

డబ్బా మీద లైట్లెన్ని?
"రెండు. మూడోది సచ్చింది."
అదే వైరుకు ఇంకో ఫోనుందా?
"ఇంట్ల ఉంది. మా అత్త ఒళ్లె పెట్టుకొని కూసుంటది."

నంబరు ముంగట రెండు కామాలు పెట్టు.
"కామాలెందుకు?"
మోడెం ఊపిరి తీసుకోనీకి. లైను మేలుకునేదాక
అది ఆగాలె గదా.

ఉన్నది ఒక్కటే తీగ.
మనం మాట్లాడినంతసేపు అది మాట్లాడదు.
పెట్టెయ్, కుర్మన్నా.
పెట్టేసిండు.

కూలర్ల నీళ్లయిపోయినయి.
గద్వాల నుంచి ఒకరు, షాద్‌నగర్ నుంచి ఒకరు
తిట్టి పెట్టేసిండ్రు.
మక్తల్ మోగలేదు.
పనైనోడు ఈ గదికి ఫోన్ చెయ్యడు,
అయిందన్న ముచ్చట నాకెప్పుడూ తెల్వది.

తాళం చేతిల పట్టుకొని
నేనే తిప్పిన, మొదటిసారి.

కుంయ్, కుంయ్, కుంయ్.
ఎంగేజ్.

నిలబడి చానసేపు విన్న.
ఎంత మంచి చప్పుడు!

వాళ్లత్త కాకుంటే చాలు.