మూడో అంతస్తు

పెరంబూరులో మా ఇంటికి లిఫ్టు లేదు.
యాభై నాలుగు మెట్లు.
పోయినేడాది దాకా ప్రతి మలుపులోనూ ఆగేవాళ్ళం,
ఆయన గోడ పట్టుకొని, నేను కూరగాయల సంచి పట్టుకొని,
ఒకరి ఆయాసం ఒకరికి వినపడనట్టు
ఎవరింటి ముందో చెప్పుల స్టాండు కేసి చూస్తూ.

అప్పటికి మంచం మీద మా మధ్య ఒక దిండు ఉండేది.
గొడవపడి పెట్టుకున్నది కాదు.
ఆయన మోకాలికి ఆసరా అని వచ్చి
ఏడాదిన్నరకి పొలిమేర రాయి అయింది.
అటు గురక, ఇటు నా నడుం నొప్పి,
రెండు వైపులా ఒకే డబ్బాలోని బామ్ వాసన.

షుగరు డాక్టరమ్మ చీటీ మీద
మాత్రల పేర్లకన్నా పైన రాసింది:
నడవండి, ఇద్దరూ.
‘ఇద్దరూ’ కింద రెండు గీతలు గీసింది.

పెంచలయ్య రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు.
ఇరవై ఏడేళ్ళుగా ఇనుముని ఇనుముకి అతికిస్తున్నాడు.
ఇంట్లో అతుకు వదులైన సంగతి ఆయన చూళ్ళేదు.
నేను చూశాను. చెప్పలేదు.

ఐదుంబావుకి కాలనీ గ్రౌండు.
మొదటి లోకల్ రైలు కూత, ఎర్రమట్టి, తడి కుక్కలు.
చీర మీద నేను, ఆయన పాత సాక్సు నా కాళ్ళకి.
మొదటిరోజు రెండో రౌండుకే
గోల్‌పోస్టు దగ్గర కూలబడి
లేసు ఊడిందన్నాడు.
ఊడలేదు.

మూడో నెలకి నాకంటే ముందు నడిచేవాడు.
బనియను వీపున చెమట దిగి
సన్నగా కిందికి పాకేది.
ఇరవై రెండేళ్ళ కాపురంలో
ఈ మనిషిని వెనకనుంచి ఇంతసేపు చూడలేదు.
చూశాను. చూస్తున్నానని తెలిసి
నడక తగ్గించి నా పక్కకి వచ్చాడు.
ఏం మాట్లాడలేదు. పాల రేటు పెరిగిందన్నాడు.

ఆ పనికి మనకో మంచి మాట లేదు.
ఒక మాట పురాణంలో ఉంది,
ఒకటి బస్టాండు గోడ మీద ఉంది,
మొగుడూ పెళ్ళాం మధ్య వాడుకోడానికి
చేతికందే మాట ఒక్కటీ లేదు.
అందుకే మేం ఎప్పుడూ అడగలేదేమో,
ఎందుకు ఆగిపోయిందని.

కార్తీకం వానలకి గ్రౌండు చెరువైంది.
‘మెట్లున్నాయిగా’ అన్నాను.
యాభై నాలుగు, ఎక్కి దిగి, ఎక్కి దిగి.
నాలుగోసారి ఎక్కడా ఆగకుండా వచ్చేసి
తలుపు దగ్గర తాళంచెవి కోసం వెతుకుతున్నాడు.
ఇద్దరికీ రొప్పు.
ఆయాసంలో రెండు రకాలుంటాయని
అప్పుడు తెలిసింది.

లోపల కరెంటు లేదు.
దిండు ఎటుపోయిందో ఎవరూ చూడలేదు.
మధ్యలో ఆయన మోకాలు టక్కుమంది.
నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది,
నవ్వినా ఏదీ చెడిపోలేదు. అదే వింత.
‘మెల్లగా’ అన్నాను.
‘ఎవరు తరుముతున్నారు’ అన్నాడు.
ఆయన మెడ దగ్గర బామ్ వాసన లేదు,
వానలో తడిసిన ఇనుము వాసన.

తలుపు గొళ్ళానికి తగిలించిన పాల ప్యాకెట్లు
తొమ్మిదింటిదాకా అట్లాగే వేలాడాయి.
కింది ఫ్లాటు కనకవల్లి మామి వచ్చి తలుపు తట్టి
‘ఒంట్లో బాగాలేదా?’ అంది.
బాగుంది మామీ.

డాక్టరమ్మ రిపోర్టు చూసింది.
షుగరు కాస్త దిగింది, బరువు రెండు కిలోలే.
‘ఇంకేమైనా మార్పు ఉందా?’
ఆయన తూకం మిషను కేసి చూశాడు,
నేను గోడమీద క్యాలెండరు కేసి.
ఆవిడ చీటీలో ఏమీ రాయలేదు.

రోజూ అని కాదు.
కొన్నాళ్ళు నడిచొచ్చి ఒట్టి నిద్రే.
నా నడుం ఇంకా అలిగే ఉంటుంది పౌర్ణమికీ అమావాస్యకీ.
కానీ మధ్యాహ్నం క్యాంటీన్నుంచి ఫోన్ చేసి,
వెనక గిన్నెల చప్పుడులో, గొంతు తగ్గించి,
‘సాయంత్రం నడక ఉందా?’ అంటాడు.
మేం నడిచేది పొద్దున్నే.

ఈ నెల చీటీ పాట వస్తే బూట్లు కొనాలి, అరిగిపోయాయి.
నాది ఐదు.
ఆయనది ఎనిమిది, ఎడమకాలు కాస్త వెడల్పు.
ఇన్నేళ్ళకి ఇప్పుడే తెలిసింది.