చింతగింజల లెక్క

ఫారం వచ్చింది, పదకొండు పేజీలు.
మొదటి గడిలో అడిగారు:
"మీ విభాగం లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి."

ఇరవై ఆరేళ్లుగా ఇదే కుర్చీ.
మార్కుల నకళ్లు, మైగ్రేషన్లు, పేరులో దీర్ఘం పోతే దిద్దుబాట్లు.
లక్ష్యం సంగతి ఎవరూ అడగలేదు.
మధ్యాహ్నానికి "నాణ్యమైన సత్వర సేవలు" అని రాసి
నాకే సిగ్గేసి కొట్టేశాను.

చాయ్ గ్లాసులు ఏరుకుంటూ మహమూదా బీ
"ఏం రాస్తున్నవమ్మా పొద్దట్నుంచి?" అంది.
చెప్పాను.
చేతిలో గ్లాసులు కింద పెట్టకుండానే
"ఒక్కసారి వచ్చినోళ్లు మళ్ల రావద్దు. ఇంకేముంటది?"

అదే రాశాను.

రెండో గడి: "నెరవేరిందని ఎలా కొలుస్తారు?"

మర్నాడు ఆమే తెచ్చింది,
సీతాఫల్‌మండిలో చింతపండు కొట్టగా మిగిలిన గింజలు,
పాత చున్నీలో మూటగట్టి.
ఖాళీ హార్లిక్స్ సీసా కిటికీ పక్కన పెట్టాం.
అదే పనికి రెండోసారి వచ్చిన మనిషికి ఒక గింజ,
మూడోసారికి ఇంకొకటి.
కసరొద్దు. ఎందుకొచ్చారో అడిగి రాసుకోవాలి, అంతే.

మార్చి నెల సీసా మెడదాకా నిండింది.

నారాయణఖేడ్‌లో చీకటితోనే బస్సెక్కినవాడు,
బేకరీలో రాత్రి డ్యూటీ దిగి కళ్లు మండుతూ వచ్చినవాడు,
చంకలో బిడ్డ, చేతిలో మారిన ఇంటిపేరుతో ఒకామె.
అందరికీ ఎవరో "రేపు రండి" అన్నారట.
రిజిస్టరులో చదువుతుంటే
ఎవరా మనిషి అనిపించింది కాసేపు.

సగం గింజలకు కారణం ఒక్కటే.
చలానా మీద బ్యాంకు ముద్ర కావాలని
ఫారం వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో ఉంది.
లంచ్ అయ్యాక మేము కిటికీ తెరిచేది రెండున్నరకి.
రోడ్డవతల బ్యాంకు కౌంటరు మూసేది మూడింటికి.
కుట్ర ఎవరూ చేయలేదు.
రెండు గడియారాలను పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు.

వంతులవారీగా తిందామన్నాను.
"నా షుగరుకు ఎవరమ్మా జవాబు?" అన్నాడు దామెర సుదర్శనం.
నిజమే. ఆయన వంతు పన్నెండుకే పెట్టాం.
ముద్ర సంగతి అరచెయ్యంత అక్షరాల్లో
గోడ మీద ఆయనే రాశాడు, ఒత్తు తప్పు పోయింది, దిద్దనివ్వలేదు.

జూన్‌లో సీసా సగం.
ఆగస్టులో అడుగు కనబడితే
సుదర్శనం ఫోనులో ఫొటో తీసుకున్నాడు.
సెప్టెంబరులో కొత్త పోర్టల్ వచ్చింది.
సీసా చాలక ఆవకాయ జాడీ కడిగి తెచ్చాం.

కమిటీ వచ్చింది, ముగ్గురు.
"చింతగింజలు అని రాశారు, ఇదేం కొలమానం?"
"మా దగ్గర ఉన్నది అదేనండి."
గ్రాఫు గీయమన్నారు, గీశాం.
వాళ్లలో చిన్నాయన మెల్లగా
"ఈ సెప్టెంబరు తీసేస్తే గీత చక్కగా దిగుతుంది" అన్నాడు.
తలుపు దగ్గర్నుంచి మహమూదా బీ
"తీసేస్తే జాడీల గింజలు ఏడికి పోతయ్ సార్?"

తీయలేదు.
మాకు ఐదుకు మూడు వేశారు.
పక్క సెక్షన్‌కు నాలుగున్నర. వాళ్లు ఏదీ లెక్కపెట్టలేదు.
ఆ పూటకు బాధేసింది, అబద్ధమెందుకు.
సోమవారం పోర్టల్ వాళ్లకు ఫోన్ చేశాను,
హాల్‌టికెట్ నంబరులో మొదటి సున్నాను మింగేస్తోందని.
బుధవారం మళ్లీ చేశాను.
శుక్రవారం మళ్లీ.
నా పేరున కూడా గింజలు వేసింది బీ, నవ్వకుండా.

జనవరి ఆఖరున నేను రిటైరయ్యాను.
శాలువా, ఫొటో, లడ్డూలు.
ఇప్పుడు పెన్షన్ ఫైలు కోసం
తార్నాకలో బస్సు దిగి, అదే గేటు, అదే మెట్లు,
ఫైనాన్స్ వాళ్ల కిటికీకి ఇవతల నిలబడతాను.
ఎత్తు తక్కువ కిటికీ, నడుం వంచితే గాని లోపలి ముఖం కనిపించదు.
మా కిటికీ కూడా ఇంతే ఎత్తు.
ఏడాదంతా గింజలు లెక్కపెట్టాం గానీ
ఇది మాత్రం ఏ గడిలోనూ రాయలేదు.

లోపలి కుర్రాడు మంచివాడే.
తలెత్తకుండా "రేపు రండి మేడం" అన్నాడు.

సంచీలో వెతికి
కౌంటరు మీద ఒక గింజ పెట్టాను.
"ఏంటిది?"
"రెండోది" అన్నాను.
"మొదటిది మొన్న మర్చిపోయాను."