నలభై రొట్టెలు

బొమ్మ వేసేటప్పుడు ఎలిసోకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.
ఊదా కావాలంటే ఊదా.
జార్జియన్ అక్షరాలు మన అక్షరాలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి,
ఒంటి మీద మూలన్నది లేకుండా,
ద్రాక్షతీగ కొసల్లా మెలికలు పోతూ.
పన్నెండేళ్లుగా వాటి మీదే బతుకుతోంది:
ద్రాక్షసారా సీసాల చీటీలు, నాటకాల గోడపత్రికలు,
శుభలేఖలు — ఒక పెళ్లి ఆగిపోయింది, డబ్బు రాలేదు —
దంతాల డాక్టరు బోర్డు మీద కన్ను కొట్టే పన్ను.

ఎవరొచ్చినా చివరికి అదే అడిగేవారు:
"బాగుంది. ఇది ఫోన్లో తెరుచుకునేలా చెయ్యవా?"
చేతకాదు. లాషాకి ఇచ్చేది.
ఆమె గీసినదానికి నాలుగొందల లారీలు
(అక్కడి డబ్బు పేరది, చక్రాలుండవు),
అతను దాన్ని తెర మీద నిలబెట్టినందుకు పదిహేనొందలు.
పైగా ఆమె రెండు రాత్రులు కూచుని
అక్షరానికీ అక్షరానికీ మధ్య పేర్చుకున్న ఖాళీని
చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేశాడు.
"ఎవరికి కనబడుతుందిలే," అన్నాడు.
ఆమెకు కనబడింది.

అలా మొదలైంది, ముప్పై తొమ్మిదో ఏట,
తిబిలిసీలో, చుగురేతి పేటలో,
మూడో అంతస్తు చెక్క వసారాలో,
కింద ఎవరిదో ఉతికిన దుప్పటి రాత్రంతా నీళ్లోడుతుంటే,
మళ్లీ ఓనమాలు.
కుంకుమపువ్వు రంగుకి ఆరంకెల పేరు.
తెరిచిన ప్రతి బ్రాకెట్టూ మూయాలి,
కూతురు ఫ్రిజ్ తలుపు మూసినట్టు కాదు, నిజంగా.
ఒక్క సెమీకోలన్ ఎక్కడో జారిపోతే చాలు,
పేజీ మొత్తం తెల్లమొహం వేస్తుంది.

కొంచెం ఎడమకి, ఇంకాస్త, ఆఁ, చాలు —
ఇన్నాళ్లూ మనుషులతో ఇలాగే నడిచిపోయింది.
దీనికి మాత్రం కొంచెమంటే ఎంతో చెప్పాలి.
ఆమె చేతికి తెలుసు, నోటికి తెలీదు.
ఆ ఎంతను వెతుక్కోవడంలోనే
ఒక చలికాలం కరిగిపోయింది.

మార్చిలో, వీధి చివర రొట్టెల జుంబేర్‌కి
సొంతంగా ఓ పేజీ కట్టింది.
పడవలాంటి షోతి రొట్టె, రెండు కొసలూ వాడిగా,
కింద ఒక బొత్తాం: పంపించు.
రాత్రి పన్నెండున్నరకి, పనిచేస్తుందో లేదోనని
నలభై అని కొట్టి, తన చిరునామా పెట్టి, నొక్కింది.
ఏమీ కాలేదు.
ఇంకోసారి నొక్కే ఓపిక లేక
ముఖం కూడా కడుక్కోకుండా పడుకుంది.

ఐదింటికి తలుపు చప్పుడు.
మోచేతుల దాకా పిండితో జుంబేర్,
వెనకాల కొడుకు నెత్తిన ఆవిర్లు కక్కే బుట్ట.
"నలభై. లెక్క చూసుకో.
ఇంతమంది చుట్టాలు దిగారేమిటమ్మా, ఉన్నట్టుండి?"

బొమ్మలో తప్పు బొమ్మలోనే ఉండిపోతుంది.
ఈ తప్పు వీధి దాటి పొయ్యి దాకా నడిచింది,
మట్టిగోడకి అతుక్కుని ఎర్రగా కాలింది,
మూడంతస్తులు ఎక్కొచ్చి తలుపు కొట్టింది.
ఆమె గీసినదేదీ ఇంతవరకు
ఎవరినీ నిద్రలేపలేదు.

నిజం చెప్పలేదు. నలభై రొట్టెల డబ్బూ ఇచ్చేసింది.
కూతురితో కలిసి గడప గడపకీ ఒకటి పంచింది,
సెల్లో నేర్పే ఆవిడకి, ట్రామ్ పట్టాలు గుర్తున్న ముసలాళ్లకి,
ఎవరితోనూ మాట్లాడని రెండో అంతస్తు వాళ్లకి కూడా.
బూట్లు కుట్టే గారెగిన్ రొట్టె తుంచుతూ అడిగాడు:
"ఏమిటి విశేషం?"
"నేర్చుకుంటున్నా."
"రొట్టెలు కాల్చడమా?"
చెప్పింది. అతను చాలాసేపు నమిలాడు.
"నా కొట్టుకీ అలాంటి బొత్తాం పెడతావా? ఎంతవుతుంది?"

కొంచెం, అనబోయి
ఆగింది.
అంకె చెప్పింది,
గీసినదానికీ, నిలబెట్టినదానికీ కలిపి.

బేరమాడాడనుకోండి. అది వేరే సంగతి.