ఎర్ర వైరు మిగిలింది

మౌలాలి పట్టాల పక్క పోర్షన్‌ల
బల్ల మీద ముప్పై కిలోల నా టీవీ.
దాని నెత్తిన ఇయ్యాల పలచటి డిస్కు పెట్టె,
బర్రె మీద పిట్ట వాలినట్టు.

పై పోర్షన్ చారి మనవడు లోహిత్
కాలేజీ ఎగ్గొట్టి మరీ వచ్చిండు బిగించనీకి.
మూడు వైర్లు: పసుపు, తెలుపు, ఎరుపు.
టీవీ వీపుకు రెండే రంధ్రాలు.
పసుపుదాన్ని తెల్లదాంట్ల గుచ్చిండు.
తెర నల్లగ. స్పీకర్ల మాత్రం
కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద.
"ఖరాబైంది పెద్దమ్మా, ఇగ స్క్రాప్‌కు ఎయ్."
బొమ్మను తీస్కపోయి చెవుల పెట్టినవ్ కొడుకా,
చెవి ఏం జేస్తది, మొత్తుకుంటది.

మార్చి పెట్టిన. ఎర్రది యాడ పట్టలే.
దీనికి ఒకటే చెవి. ఏలాడనీ తియ్యి అన్న.

బొమ్మొచ్చింది.
వచ్చి నిలబడలే.
కిందికెళ్లి మీదికి, కిందికెళ్లి మీదికి,
బాయి గిరక మీద చేంతాడు లెక్క ఉరుకుడే.
నడుమ ఒక నల్ల పట్టీ,
కాళ్లు మీద, నెత్తులు కింద,
రంగన్నది లేదు, అంతా బూడిద.

డిస్కు ఫిలోమినా బిడ్డ ఇచ్చింది.
పాత క్యాసెట్టు కోఠిల ఇచ్చి ఎక్కిచ్చిందట.
ఎక్కిచ్చినోడు మన టీవీల లెక్కల గాక
వేరే దేశం లెక్కల కొట్టిండని
లోహిత్ ఫోన్‌ల చదివి చెప్పిండు:
సెట్టింగుల ఎన్టీఎస్సీ తీసి పాల్ పెట్టాలె.
సరే బిడ్డా, ఆ సెట్టింగులు యాడ కనిపిస్తయి?
తెర మీద.
తెరేమో ఉరుకుతుండె.

నవ్వొచ్చింది నాకు.
ఇరవై రెండేండ్లు కుషాయిగూడ లైన్ల కూసున్న,
ఏడో కుర్చీ. నా చేతికొచ్చేది గదే ముక్క:
వర్టికల్ హోల్డ్ గుండీ, మూడు కాళ్లు, మూడు టాంకాలు.
సీసం పొగకు కండ్లు మండేటివి.
ఎనిమిదో కుర్చీల ఫిలోమినా
పొగను ఉఫ్ఫని ఊదేది, నా మొకం దిక్కు రాకుంట.
ఎన్ని వేల బొమ్మల్ని నిలబెట్టినమో,
ఒక్కటి సూడలే. మా దగ్గర ఉన్నప్పుడు
వాటికింక తెర లేకుండె.

బల్ల ఎనుక చెయ్యి పోనిచ్చిన.
బూజు. బొద్దింక గుడ్డు పెంకు. తర్వాత గుండీ.
ఎంత తిప్పాల్నో వేళ్లకు యాదికుంది,
రవ్వంత, సూది కంట్ల దారం తిరిగినంత.
బొమ్మ ఎగిరింది, తూలింది,
బస్సు రాడ్డు దొరికిన మనిషి లెక్క ఆగింది.
లోహిత్ నోరు ఎల్లబెట్టిండు.

సెట్టింగులు. పాల్. ఓకే.
మళ్ల ఉరకబోయింది, గుండీని ఇంకో రవ్వ ఎనుకకు.
రంగు తేలింది.
లైన్ బందైన దినం: శామియానా, స్టీలు గ్లాసులు,
దండలేసుకున్న ఆఫీసర్లు,
మూడో వరుసల మేము.

ఫిలోమినా ఆ దినం ఎర్ర చీర కట్టిందని
ఇన్నేండ్లు అందరికి చెప్పుకుంట తిరిగిన.
"నౌకరి పోయిన్నాడు గూడ పండుగ లెక్క వచ్చింది,
కంట చుక్క లేదు" అని.
మొన్న ఆమెను మట్టి చేసిన్నాడు గూడ అదే చెప్పిన.

తెర మీద ఆకుపచ్చ.

కలర్ గుండీ ఇటు తిప్పిన, అటు తిప్పిన.
ముదిరింది, వెలిసింది, పచ్చ పచ్చనే.
శామియానా మంచిగనే ఉంది,
గ్లాసుల మీద మెరుపు మంచిగనే ఉంది.
"వైరు లూజేమో పెద్దమ్మా" అన్నడు పిల్లగాడు,
ఏలాడే ఎర్రదాని దిక్కు సూసి.

పచ్చ చీర పక్కన ఇంకొకామె,
బక్కగ, ఎర్ర చీరల,
కొంగు మొత్తం నోట్ల కుక్కుకోని.
"ఆమె ఎవరు?"

పాజ్ నొక్కిన.
ఆగిన బొమ్మ సన్నగ వణుకుతనే ఉంది.
గూడ్సు బండి పోతుండె,
అది పోయిందాక ఏం చెప్పలే.