స్టాపర్ వీపు

పన్నెండేళ్లు నేను చూసింది నీ వీపే, దానయ్యా.
గోల్‌కీపర్ బతుకంతే.
మీ అప్ప ఎర్రదారంతో కుట్టిన అయిదు
ఉతికిన కొద్దీ దారం ఊడి ఊడి
చివరికి మూడులా మిగిలింది.
"అయిదు మూడయిపోనాదేట్రా" అని గేలరీ నవ్వితే
"రెండు ఫార్వర్డోళ్లకి అప్పిచ్చేన్లే" అన్నావు,
ఎనక్కి చూడకుండానే.

పోర్టు గ్రౌండులో గడ్డి తక్కువ,
ఇనుపరాతి దుమ్ము ఎక్కువ.
పడి లేచినవాడల్లా కుంకుమలో దొర్లినట్టుండేవాడు.
గాలి మలుపు తిరిగితే
పైకి లేచిన బంతి ఎక్కడ దిగుతుందో
డాల్ఫిన్స్ నోస్ మీది లైటుకి కూడా తెలీదు.
నువ్వు మాత్రం రెండడుగులు వెనక్కేసి
తల కింద పెట్టేవాడివి,
చూరు నీళ్లకి బిందె పెట్టినట్టు.

ఆ ఏడు కన్వేయర్ బెల్టు తెగి
ఖనిజం ఎక్కక స్వీడన్ ఓడ ఆరు రోజులు ఆగిపోయింది.
పని లేని ఓడవాళ్లు మ్యాచ్ అడిగారు.
యోరన్ అని, రెండో ఇంజనీరు,
నలభై దాటిన తెల్లదుంగ,
వాళ్ల ఊళ్లో ఒకప్పుడు స్టాపరేనట.
ఒక్కసారీ పరిగెత్తలేదు.
మనవాళ్లు వెళ్లే ప్రతిచోటా ముందే నిలబడి ఉన్నాడు
బస్సు కోసం వచ్చినవాడిలా.
మూడు సున్నా.
ఆట అయ్యాక నిన్ను పిలిచి
బంతి చూపించి తల అడ్డంగా ఊపాడు,
తన నడుం మీద రెండు చేతులూ వేసి చూపించాడు.
మీ ఇద్దరి మధ్యా భాష అంతవరకే.

ఆ రాత్రి ఫిషింగ్ హార్బర్ మెట్ల మీద కూచుని
వచ్చేపోయేవాళ్ల నడుములు చూశావు,
ఒకావిడ రొయ్యల బుట్ట దింపి
మీ ఏడు తరాలనీ తిట్టేదాకా.

తర్వాత నిన్ను దాటినవాళ్లు తక్కువ.
ఖరగ్‌పూర్ రైల్వే వింగర్ ఒకడు దాటాడు, వానలో.
నెల రోజులు నీ క్యారేజీ నిండుగానే ఇంటికెళ్లింది.
మోకాలు పోయింది మాత్రం ఆటలో కాదు,
నాలుగో గోదాం మెట్ల మీద, యూరియా బస్తా కింద.

యోరన్ కార్డు ఒకటి ఓడ ఏజెంటు ఆఫీసుకొచ్చింది,
మూడు నెలలు ఆలస్యంగా. గుమస్తా చదివి చెప్పాడు.
ఓడ మానేశాడట. వాళ్ల ఊరి టీముకి మేనేజరట.
గీత బయట నిలబడటం చేతకావడం లేదట,
కాళ్లు తనని అడక్కుండా కదిలిపోతున్నాయట.
వెనక మంచు కప్పిన గ్రౌండు బొమ్మ.
"ఉప్పు కొటారునాగుంది" అని
చొక్కా జేబులో పెట్టుకున్నావు.

ఆ తర్వాతే పెదజాలారిపేట ఇసకలో
వలలు ఎత్తేశాక పద్దెనిమిది మంది గుంటల్ని పోగేశావు.
"బంతి మోసం సేత్తాది. నడుం సెయ్యదు."
ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి.

జిల్లా ఫైనల్ రోజు
నేను నీళ్ల క్యాను పట్టుకుని అవతలి గీత దగ్గరున్నాను.
మొదటిసారి నీ మొహం ఎదురుగా కనిపించింది.
కార్నర్ తగిలినప్పుడల్లా
నోరు తెరుచుకుపోతోంది. పెదాలు తెల్లబడ్డాయి.
ఎవరూ లేని గాల్లోకి ఎగిరి తలాడించి
కుంటుతూ దిగావు.
ఇదా, ఇన్నేళ్లూ నాకు అడ్డంగా నిలబడ్డది?

ఒక్క గోలుతో ఓడిపోయాం.
టీ కొట్టు దగ్గర అడిగేశాను, అప్పుడూ ఇంత భయముండేదా అని.
గ్లాసులోకి చాలాసేపు ఊదావు.
"అందికే ఎనక్కి తిరిగీవోణ్ణి కాదురా, బెంజిమనూ."

మర్నాడు హార్బర్ మెట్ల మీద
మన ఓడిపోయిన స్టాపర్ గుంటడు
మోకాళ్ల మీద గెడ్డం ఆనించి
వచ్చేపోయేవాళ్లని చూస్తున్నాడు.
అటునుంచి బుట్టతో ఒకావిడ వస్తోంది.
ఇంకా చూడలేదు వాణ్ణి.