బుడగలు తగ్గిన రోజు

ఆటోనగర్లో మా షెడ్డు వెనక
లారీ బాడీలకు రేకులు కొట్టే మోత పొద్దున్నే మొదలవుతుంది.
మా తొట్లది వేరే భాష.
కరెంటు వేయగానే
వేలాడదీసిన ఇనుము ఒంటినిండా
సుయ్యిమని బుడగలు.

జకరయ్య మేస్త్రి చెవి వంచి వినేవాడు,
ఎసరు మరిగిందో లేదో చూసే మనిషిలా.
"జత కుదిరితేనేరా లేచేది" అనేవాడు.
ఒంటి హైడ్రోజన్ ఇనుము మీద వాలుతుంది.
పక్కన ఇంకోటి దొరికిందా,
రెండూ కలిసి బుడగై పైకి,
రేకుల సందుల్లోంచి పటమట ఎండలోకి.

రోహిణి కార్తెలో ఆసిడ్ మారింది.
క్యానుకు నలభై తక్కువని
ఓనరు వీరభద్రం గారు ఎక్కణ్ణించో తెప్పించారు.
తొట్టి నెమ్మదించింది. ముక్కు మండలేదు, దగ్గు రాలేదు.
నేను మాస్కు కిందికి లాగి హాయిగా టీ తాగాను.
మేస్త్రి గ్లాసు మీద మీగడ కట్టింది.
"ఇదేంట్రా, పలకట్లేదు?"

తర్వాత కాలేజీ లాబులో చూపిస్తే తెలిసింది,
ఆ ఆసిడ్లో ఆర్సెనిక్.
చారులో ఇంగువంత కూడా కాదు.
వచ్చి ఇనుము మీద అక్కడొకటి ఇక్కడొకటి కూర్చుంది,
కిటికీలోంచి తువ్వాలు విసిరి
సీట్లు ఆపుకున్నవాడిలా.
ఇటొక హైడ్రోజన్, అటొక హైడ్రోజన్,
మధ్యలో తువ్వాలు.
జత దొరక్క, లేవలేక
లోపలికి నడిచింది,
ఇనుము గింజల సందుల్లోకి,
ఒంటరిగానే.

పైకి ఏం తెలుస్తుంది?
జింకు పూత అద్దంలా దిగింది.
గన్నవరం పార్టీ బేరం కూడా ఆడకుండా
ఆరొందల స్ప్రింగులు ఆటోలో వేసుకుపోయాడు.

మూడో రాత్రి షెడ్డులో పడుకున్నాను.
బీరువాలో, బోల్టుకు బిగించి ఉంచిన శాంపిలు
టప్పున తెగింది.
ఎలుకనుకున్నాను.
లైటు వేసేలోగా రెండోది.
తెగిన చోట తుప్పు లేదు, అరుగుదల లేదు,
పంచదార పలుకుల్లా మెరుపు.

తెల్లారేసరికి మేస్త్రి వచ్చి
కృష్ణలంక బేకరీవాడు అమ్మేసిన పాత ఓవెన్లో
మిగిలినవన్నీ పేర్చాడు.
రెండొందల డిగ్రీలు, రాత్రి దాకా.
"లోపలికి పోయింది వేడికి బయటికొస్తుంది.
పగులు పట్టినవి మాత్రం మనవి కావు."

వీరభద్రం గారు కరెంటు బిల్లు గురించి ఏదో అన్నారు.
మేస్త్రి వినలేదు.
ఓవెన్ నుంచి పాత బన్నుల వాసన.
ఆయన చేతిలో ఫోను,
గన్నవరం నంబరు
మోగుతూనే ఉంది.