బోర్డు రాసే రోజు

నిచ్చెన పట్టుకోమన్నాడు కాలేషా.
పట్టుకున్నా.
వాయిదా పడ్డ పూట
ప్లీడరు గుమాస్తాకి ఇంకేం పనుంటుంది?

బోర్డు మీద ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి.
కందుకూరికి మాత్రం ఇది మునసబు కోర్టే.
ఆ మాట జోలికి పోలేదు,
కింద జిల్లా పేరే ఉప్పుకాగితంతో గీకుతున్నాడు.
ప్రకాశం నా చొక్కా మీద రాలింది
నీలం పొడిగా.
దాని అడుగున, ఎర్రగా, నెల్లూరు.
"మా చిన్నాయన చెయ్యి సామీ ఇది.
ఆ కొమ్ము చూడు, ఎట్టా లాగాడో.
డెబ్బైలో దీన్ని పూసేసిందీ ఆయనే."

ఇప్పుడు మళ్లీ నెల్లూరే రాయాలి.

కట్టడం అంగుళం కదల్లేదు.
జిల్లాలే దీని చుట్టూ
పేకముక్కల్లా చేతులు మారాయి.
లోపల మాత్రం నలభై ఏళ్లుగా
మూడు మూరల గట్టు ఎవరిదో తేలలేదు.

వసారాకి ఎనిమిది స్తంభాలు.
లెక్కపెడితే ఎనిమిది,
కౌగిలించి కొలిస్తే ఏడున్నర.
తూర్పు చివరిది సన్నం.
కంట్రాక్టరు తిన్న సున్నం అక్కడ బయటపడుతుందంటారు.
ఆ సున్నం గానుగలో నూరింది చెంచమ్మ.
మన్నేటి ఇసుక, కరక్కాయ నీళ్లు, నల్లబెల్లం,
ఎద్దు మొరాయిస్తే తన భుజం.
పదకొండు రోజుల కూలి ఎగ్గొట్టారని
తడారని ఈ గోడల మధ్యనే దావా వేసిందట,
ఒకటో నంబరు.
డిక్రీ వచ్చింది. డబ్బు రాలేదు.
రికార్డు గదిలో వెతికాను.
చెదలు నాకంటే ముందే చదివేశాయి.

చెంచమ్మ కట్టుకథేనేమో.
స్తంభం మాత్రం సన్నమే.

పైన టేకు దూలాలు,
వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుకల మిద్దె.
నడిమి దూలానికి ఇంకా ఇనప కొక్కెం,
పంకా వేలాడిన చోటు.
దాని తాడు గోడకన్నంలోంచి వసారాలోకి వచ్చేది.
లాగేవాడికి వాదనలన్నీ వినపడేవి,
గాలి మాత్రం తగిలేది కాదు.
ఆ కన్నంలోంచే ఇప్పుడు
కంప్యూటరు వైరు పోతోంది.

మూడో మెట్టు గుంటపడింది.
మొదటి పిలుపుకి చుట్ట ఆర్పి,
రెండో పిలుపుకి కండువా దులిపి,
మూడో పిలుపుకి లేచేవాళ్లంతా
అరచెయ్యి ఆన్చిన చోటది.
మా నాయన చెయ్యీ ఉంది అందులో.
గట్టు మాదే.
మాదే అని ఆయన అనేవాడు.
ఆయన పోయిన మూడో నెల
ఆయన పేరే పిలిచారు, మూడుసార్లు.
లేచింది నేను.
అప్పట్నుంచి ఇక్కడే ఉండిపోయాను
ఎవరెవరి గట్లో మోసుకుంటూ.

"మళ్లీ మారుస్తారంటున్నారే" అన్నాడు కాలేషా పైనుంచి.
"ఈసారి పల్చగానే పూస్తాలే,
గీకేవాడికి సులువు."
చివరి సున్నా చుట్టి కుంచె ఎత్తాడు.
ఎర్రరంగు నా మణికట్టు మీద పడింది.

లోపల ఎవరినో పిలుస్తున్నారు.
ఇది ఎన్నో పిలుపో,
నిచ్చెన ధ్యాసలో
లెక్క తప్పాను.